క్రొత్త రేడియోను గొనువారెవ్వరు?

మన పురాణములయందు ఆకాశవాణి పలికిన ఘట్టములు పెక్కు గలవు. కంసుడు చెల్లెలిని రథముమీద అత్తవారింటికి గొనిపోవుచుండగా నడిత్రోవలో వినబడినది ఆకాశవాణియే. దుష్యంతుడు నిండుకొలువులో శకుంతలను ఎఱుగనని బొంకినప్పుడు ఆ యిల్లాలి పక్షమున సాక్ష్యము పలికినదియు ఆకాశవాణియే. ఆ వాణిని వినుటకు ఎవ్వరును యంత్రము కొనలేదు, చందా కట్టలేదు. సింహాసనముమీది రాజునకును, వాకిట నిలిచిన భటునకును అది యొక్కరీతిగనే వినబడినది. 1935లో మైసూరున ఎం. వి. గోపాలస్వామిగారు తాము నెలకొల్పిన రేడియో స్టేషనుకు ‘ఆకాశవాణి’ యని పేరిడుట ఎంతయు సొగసైన పని. ఆ పేరే పిదప దేశమందలి ప్రభుత్వ రేడియోకంతకును చెల్లినది.

ఈ నెల మేము ముచ్చటింపదలచినది ఆ యాకాశవాణికి వచ్చిన క్రొత్త యవతారమును గూర్చి. దానిని డిజిటల్ రేడియో యందురు. రేపో మాపో వచ్చునని పెద్దలు చెప్పుచుండగనే ఏండ్లు గడచినవి గాని ఆ చుట్టము మన గుమ్మము దాటి లోనికి వచ్చిన జాడ లేదు. పట్టణములలో గొందఱు అంగళ్ళవారు మాత్రము “పాత రేడియోలకిక కాలము చెల్లినది” అని చెప్పుచున్నారట. అందుచేత నిజమెంతయో మన గృహిణులు తెలిసికొనుట మంచిదని తోచినది.

మొదట ఆ వస్తువేమో చూతము. పాత పద్ధతిలో పాటయొక్క హెచ్చుతగ్గులే అలలమీద నెక్కి మన యింటికి వచ్చును. క్రొత్త పద్ధతిలో ఆ పాటను ముందుగా అంకెలుగా మార్చి, ఆ యంకెలను పంపుదురు; మన సెట్టు వానిని మఱల పాటగా గూర్చుకొనును. పొరుగూరి చెల్లెలికి ముగ్గును గీసి పంపుట యొకటి, చుక్కల లెక్క వ్రాసి పంపుట యొకటి. గీసిన కాగితము త్రోవలో తడిసినచో ముగ్గు కొంత చెఱిగినను పోలిక తెలియును. చుక్కల లెక్క సరిగా ముట్టినచో ముగ్గు చెక్కుచెదరక దిగును. లెక్కలో నొకటి రెండు అంకెలు చెడినను సవరించుకొను ఉపాయము ఆ సెట్టులోనే యున్నది. కాని హద్దు మీఱి చెడినచో వాకిట ఒక్క గీతయు పడదు. పాత రేడియో గరగరలాడుచునైనను మాట వినిపించును. క్రొత్తది పలికిన తేటగా బలుకును, లేనిచో మూగవోవును. ఈ భేదమును మన సోదరీమణులు గుర్తుంచుకొనవలెను.

గుణములు లేవని మేమనము. ఒక్క అలమీదనే రెండు మూడు కార్యక్రమములను బంపవచ్చును. పాట పేరు, పాడినవారి పేరు సెట్టుమీద అక్షరములలో గానవచ్చును. మీడియంవేవు ప్రసారమునకు బూర్తిగా డిజిటల్ పద్ధతి నవలంబించినచో స్టేషనువారికి కరెంటు వ్యయము చాల తగ్గును. వరదలు, తుపానులు వచ్చునపుడు సెట్టును దానంతటదియే హెచ్చరిక కార్యక్రమమునకు మరల్చు సదుపాయము కూడ నందు గలదు. శాస్త్రజ్ఞుల పనితనమున లోపము పట్టుటకు మేమెంతవారము? మా సందేహమంతయు దాని బేరమును గూర్చియే.

రేడియో యను వర్తకమున నలుగురు చేతులు కలిపి పట్టుకొనవలెను: ప్రసారము చేయువారు, సెట్లు చేయువారు, ప్రకటనలిచ్చువారు, వినువారు. వినువారు లేరని ప్రకటనలవారు రూకలీయరు. రూకలు రాలవని ప్రసారముచేయువారు క్రొత్త కార్యక్రమములు పెట్టరు. క్రొత్త కార్యక్రమములు లేవని మనము సెట్టు కొనము. కొనువారు లేరని సెట్లు చేయువారు కొలదిగా జేసి వెల హెచ్చింతురు. వెల హెచ్చినదని వినువారు మఱింత తగ్గుదురు. గానుగెద్దు నడకవలె నిది యెంత తిరిగినను మొదటి చోటికే వచ్చుచున్నది.

మన దేశమున జరిగినదిదియే. డి.ఆర్.ఎం. అను పద్ధతిని మన ప్రభుత్వ రేడియోవారు ఎన్నుకొని, 2009 జనవరిలో ఢిల్లీ చెంతనుండి షార్టువేవు ప్రసారముతో నారంభించిరి. పిదప దేశమంతట ముప్పదియైదుకు పైగా పెద్ద ప్రసారయంత్రములను ఈ పద్ధతికి దగినట్లు నెలకొల్పిరి; మన తెలుగునేలమీది కేంద్రములును అందు గలవు. ప్రజాధనము చాల వ్యయమైనది. ఆకాశము నిండ అంకెలు ప్రవహించినవి. వానిని బట్టుకొను సెట్టు మాత్రము బజారున దొరకలేదు! కొన్నేండ్లకు మన దేశముననే తయారైన యొక సెట్టు వచ్చినది గాని దాని వెల పదివేల రూపాయలకు మించినది. మూడునాలుగు వందల రూపాయలకు చిన్న ఎఫ్.ఎం. సెట్టు వచ్చు దేశములో ఆ వెల పెట్టి కొనువారెవ్వరు? మావారు లెక్కల పంతులుగారు గనుక ఊరకుండక లెక్కగట్టి, “ఆ యొక్క సెట్టు వెలకు చిన్నవి ఇరువదియైదు కొని వీధివారికెల్ల పంచవచ్చును” అనిరి. 2018లో టెలికాం నియంత్రణ సంస్థవారు తమ సిఫారసులు వెలువరించుచు, తక్కువ వెలకు సెట్లు దొరకకపోవుటను పెద్ద యడ్డంకిగా బేర్కొనిరి. 2024లో ప్రైవేటు ఎఫ్.ఎం. వారికి డిజిటల్ పద్ధతి నెట్లు తేవలెనని మఱల ప్రశ్నలు వేసి అభిప్రాయములడిగిరి. వానిలో నొక ప్రశ్న, దేశమంతటికి ఒక్కటే పద్ధతి యుండవలెనా యని! ఐరోపాలో బుట్టిన పద్ధతియా, అమెరికాలో బుట్టిన హెచ్.డి. రేడియో పద్ధతియా యని తగవు. పెండ్లికుమారుడెవ్వరో తేలకమున్నే పందిళ్ళు వేసిన చందమున నున్నది.

“క్రొత్త వస్తువునకు బాలారిష్టములు సహజము గదా, మొదట రేడియో వచ్చినప్పుడును ఇట్లే కాలేదా?” అని కొందఱనవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే, తఱచి చూడదగినదే. 1924లో చెన్నపురిలో కొందఱు ఔత్సాహికులు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు చేసిరి. మూడేండ్లకే ధనము చాలక మూతపడినది. వారి యంత్రమును కార్పొరేషనువారికి దానముచేయగా, వారు 1930లో మఱల దానిని బలికించిరి. 1927లో బొంబాయిలోను, కలకత్తాలోను ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ యను వర్తక సంఘమువారు స్టేషనులు తెఱచిరి. సెట్టు గలవారు ఏటికి పది రూపాయలు లైసెన్సు రుసుము చెల్లింపవలెను. అందు ఎనిమిది రూపాయలు కంపెనీకి. మూడేండ్లు గడచినను దేశమంతటను లైసెన్సులు ఎనిమిది వేలకు జేరలేదు. 1930 మార్చిలో కంపెనీ దివాలా యెత్తినది. అప్పుడు దొరతనమువారు దానిని స్వీకరించి నడపిరి. 1936లో ఆలిండియా రేడియో యను పేరు వచ్చినది. 1938లో చెన్నపురి కేంద్రము, 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రము వెలసినవి. ఆ పిమ్మట ట్రాన్సిస్టరు వచ్చి వెల తగ్గించిన తరువాతనే గదా రేడియో పొలముగట్లమీదికిని, మన వంటయిండ్లలోనికిని వచ్చినది!

కనుక ఓపిక పట్టినచో డిజిటల్ రేడియోయు నట్లే నిలద్రొక్కుకొనునని వాదింపవచ్చును. మాకు మాత్రమొక భేదము తోచుచున్నది. నాడు దూరమునుండి పాట వినుటకు రేడియో తప్ప వేఱు దారి లేదు. వెల హెచ్చైనను, కలిగినవారి యింటి అరుగుమీద గూర్చుండియైనను వినవలెనను కోరిక జనులలో నుండెను. నేడు క్రొత్త రేడియోకు పోటీ యెవ్వరు? మొట్టమొదట పాత రేడియోయే. అది యింకను బాగుగనే పలుకుచున్నది. రెండవది చేతిలోని ఫోను. ప్రభుత్వ రేడియోవారే ‘న్యూస్‌ఆన్‌ఎయిర్’ అను పేర తమ కేంద్రముల ప్రసారములను ఫోనులో వినుటకు వీలు కల్పించినారు. అమెరికాలోని తెలుగు కోడలు విజయవాడ కార్యక్రమమును అక్కడి వంటయింట వినవచ్చును. ఈ రెంటి నడుమ చొరబడి పదివేల రూపాయలడుగువానికి చోటెక్కడిది? తేట శబ్దమొక్కటే చాలునా? ఉల్లిపాయలు తఱుగుచు, కుక్కరు కూతల నడుమ వినువారికి తేట శబ్దము కొఱకు అన్ని వేలు పోయ మనసొప్పదు.

చందా రేడియో కథయు మన దేశమునకు దెలియనిది కాదు. వరల్డ్‌స్పేస్ అను సంస్థవారు 1998లో ఆఫ్రికాకును, 2000లో ఆసియాకును ఉపగ్రహములను బంపి, ఆకాశమునుండియే డిజిటల్ సంగీతమును గురిపించిరి. కర్ణాటక సంగీతమునకు వేఱుగా ఒకటి, తెలుగునకు ‘స్పందన’ యని యొకటి స్టేషనులుండెను. ప్రకటనలు లేని సంగీతమని రసికులు మెచ్చుకొనిరి. వారి చందాదారులలో బెద్దపాలు మన దేశమువారే. ఐనను రాబడి చాలలేదు. 2008 అక్టోబరులో ఆ సంస్థ దివాలా రక్షణ కోరినది. 2009 డిసెంబరు 31తో మన దేశమున ప్రసారము నిలిచినది. ఆ సెట్లలో గొన్ని వేఱు స్టేషనులేవియు బట్టజాలవు. ముందుగా చందా కట్టినవారికి ఒక పెట్టెయు, దాని పళ్ళెమంత యాంటెన్నాయు మిగిలినవి. పాత ట్రాన్సిస్టరు కొన్నవారికి ఏ కంపెనీ దివాలా యెత్తినను సెట్టు మూగవోలేదు. ఒక్క సంస్థ మాటనే వినగలిగిన యంత్రమును గొనునప్పుడు ఇల్లాలు ఒకటికి రెండుమార్లు ఆలోచింపవలెను.

ఇతర దేశములలోనైన నడచినదా యని విచారించితిమి. ఇంగ్లండులో 1995లో డాబ్ అను డిజిటల్ పద్ధతి నారంభించిరి. ఏండ్ల తరబడి సెట్ల వెల చూచి జనులు దూరమున నిలిచిరి. 2002లో నూఱు పౌనులకు లోపు వెలగల సెట్టు వచ్చిన పిదపగాని విక్రయములు సాగలేదు. అంత సాగియు, కనీసము 2030 వఱకు ఎఫ్.ఎం. ఉండవలెనని వారు నిర్ణయించుకొనిరి. ఐర్లండులో ప్రభుత్వ రేడియోవారు వినువారు మిక్కిలి కొలదిమందియని 2021 మార్చిలో డాబ్ ప్రసారములనే నిలిపివేసిరి. హాంకాంగులో 2011లో మొదలిడి 2017లో ముగించిరి. లాభము లేదని ప్రైవేటువారు లైసెన్సులు తిరిగి యిచ్చివేసిరి. నార్వేవారొక్కరు గట్టివారు. ఆ దేశము కొండలమయము. ఒక్కొక్క లోయకు ఎఫ్.ఎం. ప్రసారయంత్రములు నిలుపుట మోయలేని వ్యయమని 2017లో జాతీయ స్టేషనుల ఎఫ్.ఎం. ప్రసారములను జిల్లా వెంబడి జిల్లాగా నాపివేసిరి. జనులలో బెక్కుమంది యిష్టపడలేదు. ఐనను వారికి క్రొత్త సెట్టు కొను శక్తి గలదు. 2024 డిసెంబరు 31న స్విట్జర్లండులోని ప్రభుత్వ రేడియోవారును ఎఫ్.ఎం. నాపిరి, వెంటనే వినువారి సంఖ్య తగ్గినది.

ఈ కథలలో మాకు గానవచ్చున దేమనగా, జనులు తమంత తాము పరుగెత్తి కొన్నచోట్లు అరుదు. మన యిండ్లలోని టెలివిజనుకు 2012 నుండి సెట్‌టాప్ పెట్టెలు వచ్చినవి గదా, అదెట్లు సాగినదని యడుగవచ్చును. అక్కడ నెలనెల రుసుము తీసికొను కేబులువాడుండెను; పెట్టె లేనిదే బొమ్మ రాదని ప్రభుత్వపు చట్టముండెను; పెట్టెను ఇంటికి దెచ్చి తగిలించువాడును వాడే. రేడియోకు అట్టివాడెవ్వడును లేడు. అది యుచితముగా వచ్చును. ఉచితముగా వచ్చుదానికి బెట్టె కొనిపెట్టు పెత్తనము ఎవ్వరును తలకెత్తుకొనరు.

ఐనను డిజిటల్ రేడియో మన దేశమున నొకచోట నిజముగనే ప్రవేశించినది. అది క్రొత్త కార్లలో. కొన్ని కంపెనీలవారు కారుతోపాటే డి.ఆర్.ఎం. సెట్టును బిగించి యమ్ముచుండగా లక్షలకొలది కార్లలో నది చేరినది. కారు వెలలో రేడియో వెల కానరాదు గదా! వర్తకదృష్టితో జూచిన నిదియే సరియైన త్రోవ కావచ్చును. కారులో బోవువారి చెవికే ప్రకటనలవారు విలువ కట్టుదురు. కాని మధ్యాహ్నము స్త్రీల కార్యక్రమమును వినుచు బియ్యమేఱుకొను ఇల్లాలి కొఱకు ఈ యేర్పాటులో ఏమి యున్నది? రేడియో మొదటినుండియు పేదయింటి వస్తువు, చదువురానివారి పుస్తకము, కన్ను కనబడనివారి పత్రిక. దానిని బాగుచేయుదమని బయలుదేఱినవారు మొట్టమొదట కారుగలవారి యింటనే దిగుట మాకు రుచింపలేదు. ఉన్నమాట వ్రాసినందుకు ఎవ్వరైన కోపగించుకొన్నను సరియే.

మాకు నిజముగా భయము గలిగించున దింకొకటి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మన తల్లులు మఱవలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీద బడినపుడు కరెంటు పోయినది, ఫోనులు పలుకలేదు. అట్టి దినములలో రెండు బాటరీలతో బలుకు చిన్న సెట్టును మించిన యాప్తుడు లేడు. డిజిటల్ సెట్టు అంకెలు గూర్చుకొనుటకు పాతదానికంటె నెక్కువ కరెంటు త్రాగును. ఫోను టవరు కూలినచో ఫోనులోని రేడియో నోరు మెదపదు. ఎఫ్.ఎం. పట్టు శక్తి ఎన్నో ఫోనులలో నుండియు కొందఱు తయారీదారులు దానిని పనిచేయనీయకుండిరి. దానిని మూయరాదని 2023 ఏప్రిలులో కేంద్రప్రభుత్వమువారు సూచన చేయవలసివచ్చినది. డిజిటల్ పేరు చెప్పి పాత ప్రసారములను తొందరపడి ఆపినచో, కోట్లకొలది చిన్న సెట్లు ఒక్కనాటిలో గొయ్యబొమ్మలగును. పది రూపాయలు పొదుపు చేయబోయి పదిమంది ప్రాణములమీదికి దెచ్చుకొనుట యగును. నడుపదలచినచో రెండును గలసి నడువవలెను. వెయ్యి రూపాయలకు లోపు సెట్టు ప్రతి సంతలోను దొరకు దినము వచ్చువఱకు పాతదాని జోలికి బోరాదు.

కృష్ణాతీరపు గ్రామమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారి యత్తగారికి ఎనుబదియేండ్లు, చూపు సన్నగిల్లినది. తెల్లవాఱుజామున భక్తిగీతములు, పిదప వార్తలు మీడియంవేవులో వినుట ఆమెకు అలవాటు. ఏడాదిగా సెట్టు గరగరలాడుచున్నదట. పట్టణములోని అంగడివాడు “ఇది పాతబడినది, డిజిటలు వచ్చుచున్నది, కొన్నాళ్ళాగుడు, లేదా ఫోనులో వినిపింపుడు” అనెనట. ఆ పెద్దామెకు ఫోను మీటుట రాదు. ఏమిచేయుదుమని యడిగినారు.

సోదరీ, సెట్టును పాఱవేయవలదు. మీడియంవేవు గరగరకు మూలము తఱచు మన యింటిలోనే యుండును. ఎల్.ఇ.డి. దీపములు, ఫోను చార్జర్లు, ఇన్వర్టరు, ఇవి యన్నియు ఆ యలలలో రొద పుట్టించును. ఒక ఉదయము వీనిని ఒక్కొక్కటిగా నాపి, బాటరీలమీద సెట్టును బలికించి చూడుడు. ఏది యాపగా రొద తగ్గినదో తెలియును. సెట్టును గోడలో గరెంటుతీగలు పోవుచోటినుండి దూరముగా, కిటికీచెంత నుంచుడు. మీడియంవేవును బట్టు ఫెర్రైటు కడ్డీ సెట్టు లోపలనే అడ్డముగా నుండును. కావున సెట్టును మెల్లగా ద్రిప్పుచు, శబ్దము తేటపడిన దిక్కున నిలిపి, ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుడు. అత్తగారు తడవి చూచుకొనుటకు దారము కట్టినను సరియే. ప్రభుత్వ రేడియో కార్యక్రమములు పెక్కుచోట్ల ఎఫ్.ఎం. లోను వచ్చుచున్నవి, మీ యూరికి అందునేమో ముందుగా విచారింపుడు. అందినచో చిన్న ఎఫ్.ఎం. సెట్టే చాలును.

అంగడివాడు డిజిటల్ సెట్టు చేతబెట్టుకొని వచ్చినచో, “మా యింట, మా మంచముప్రక్కన, ఇప్పుడే పలికించి చూపుము” అనుడు. పాత మీడియంవేవు, ఎఫ్.ఎం. రెండును అందులో వచ్చునా యని, బాటరీలు ఎన్ని గంటలు నిలుచునని యడుగుడు. దీపములాపి చూచిన పిదప ఏ దిక్కున సెట్టు తేటగా బలికినదో, మీ యత్తగారేమనిరో మాకు వ్రాయుడు. ఇట్టి చిక్కు గల యిండ్లు మఱికొన్ని యున్నవి గనుక వచ్చు నెల ప్రకటింతుము.